నవువా పిప్పలి

11 మే 2003, లోవు, ఫీజీ

మూడు రోజులు కాదు, అయిదు రోజులు. సువా వెళ్ళే విజేంద్ర వ్యాన్ ఎక్కుతూ నువ్వు గేటు దగ్గర అన్నావు చూడు, "ఆజీ, నీ కాఢా మూడు రోజుల్లో దగ్గు పోగొట్టింది, ఆ ఒక్కటే మంచి జరిగింది" అని. సోమవారం పొద్దున మొదలుపెట్టాను, శుక్రవారం సాయంత్రం ఆపాను. రోజుకు రెండు గ్లాసులు. యూనివర్సిటీలో మైక్రోలీటర్లు కొలిచే నా మనవరాలివి, నీ గొంతులోకి ఎన్ని గ్లాసుల కషాయం దిగిందో అదైనా సరిగ్గా లెక్కపెట్టుకో శోభనా.

గేటు దగ్గర ఇదేమీ అనలేదు. "జాగ్రత్తగా వెళ్ళు" అన్నాను. సీట్లో కూర్చోగానే నీ రెండు చేతులూ పొట్ట మీదికి వెళ్ళాయి. అయిదు నెలల అలవాటు. అక్కడ ఏమీ లేదని చేతులకు ఇంకా తెలియలేదు. నేను అది చూసి, చూడనట్టు విజేంద్రను టైర్ల గురించి అడిగాను. నాకు టైర్ల గురించి ఏం తెలుసు? అతనికీ ఆ సంగతి తెలుసు. అయినా పాపం ఓపిగ్గా జవాబు చెప్పాడు.

ఇది నీకు రాసే ఉత్తరం కాదు. నీకు తెలుగు చదవడం రాదు. ఎనిమిదేళ్ళప్పుడు నేర్పబోతే, ఒత్తులు చూసి "ఈ అక్షరాలకి పిల్లలు పుట్టినవి ఆజీ, ఇంతమందిని నేను చూసుకోలేను" అని పలక పక్కన పెట్టేశావు. అందుకే ఇంత ధైర్యంగా నీతో మాట్లాడుతున్నాను. వాల్తేరులో నాలుగేళ్ళు చదివినందుకు ఇప్పటికీ మిగిలిన లాభం ఇదొక్కటే. ఈ వీధిలో ఎవరూ చదవలేని లిపి నా దగ్గర ఉంది.

12 మే

నీ గది ఊడ్చాను. దువ్వెనలో నీ వెంట్రుకలు. తీసి పారెయ్యడానికి అరగంట పట్టింది.

19 మే

ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు "చాలాసార్లు దీనికి కారణం ఉండదు మేడమ్" అన్నాడు. "కారణం ఉండదు అనకూడదు, కారణం తెలియదు అనాలి" అన్నాను. సారీ మేడమ్ అన్నాడు. నువ్వు లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నావు, నేను బయట డాక్టరుకు వాక్యాలు దిద్దుతున్నాను. నా బతుకు ఇలా తయారైంది.

మీ అమ్మ పోయినప్పుడు నీకు నాలుగేళ్ళు. మీ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని తవువాలో స్థిరపడ్డాడు, నువ్వు నాకు మిగిలావు. సువా వానలకు దగ్గు పట్టుకుందని, కాస్త ఎండ తగిలితే మంచిదని మీ ఆయన జై నిన్ను ఏప్రిల్లో ఇక్కడ దింపి వెళ్ళాడు. జై మంచివాడు. అంతకు మించి ఆ అబ్బాయి గురించి చెప్పడానికి నాకు ఏమీ దొరకదు. "ఆజీ చేతుల్లో పెడుతున్నాను" అన్నాడు. ఆ మాట మాత్రం అనకుండా ఉండాల్సింది.

నీ బిడ్డకు నేను ముత్తవ్వను అయ్యేదాన్ని. ఒకరోజు నువ్వు నిద్రపోతున్నప్పుడు అద్దం ముందు నిలబడి ఆ పదం పైకి అని చూసుకున్నాను. నాకు బాగానే నప్పింది.

2 జూన్

నువ్వు వదిలి వెళ్ళిన థీసిస్ చిత్తుప్రతి ఈవేళ తెరిచాను. పైన పసుపు చీటీ: "ఆజీ, కామాలు మాత్రం దిద్దు. కెమిస్ట్రీ ముట్టుకోకు." ముప్పై ఒక్క ఏళ్ళు లౌటోకాలో ఆడపిల్లలకు కెమిస్ట్రీ చెప్పినందుకు దక్కిన గౌరవం.

దానితో ఒక ఫారం గుచ్చి ఉంది. ఫీజీ భారతీయుల ఇళ్ళలో మిరియాల జాతి అడవి మొక్కల వాడకం. ఏడు గడులు. మొక్కను మీరు పిలిచే పేరు. ఎక్కడ దొరికింది. వాడే భాగం. తయారుచేసే పద్ధతి. మోతాదు. ఎవరికి ఇచ్చారు. గమనించిన ఫలితం. కింద సంతకం. ఆకు, కంకి ఉన్న కొమ్మ ఒకటి జతచేయాలి. నింపమని ఫిబ్రవరి నుంచి అడుగుతున్నావు. రేపు నింపుతాను.

9 జూన్

నింపలేదు. చిత్తుప్రతి చదువుతున్నాను. మొదటి అధ్యాయం బాగుంది. మిరియం, తమలపాకు, యంగోనా, పిప్పలి, అన్నీ ఒకే వంశం. ఒకటి వంటింట్లో, ఒకటి తాంబూలంలో, ఒకటి మగవాళ్ళు చుట్టూ కూర్చుని మత్తుగా తాగే తనోవా గిన్నెలో, ఒకటి రోగుల గొంతులో. ఇలా నేను చెబుతున్నాను, నువ్వు ఇంత బాగా చెప్పలేదు. నువ్వు చెప్పింది ఏమిటంటే, పోయినేడు యూరప్ వాళ్ళు యంగోనా కాలేయానికి చేటని కొనడం ఆపేశారు, అప్పటినుంచి యంగోనా వేళ్ళ పొడిలో కలుస్తున్న అడవి రకాలను పట్టుకోవడం అవసరమైంది, అందుకు ముందు ఆ రకాల్లో ఏయే రసాయనాలున్నాయో, అవి ప్రాణుల మీద ఏం పని చేస్తాయో తెలియాలి. సరే. పదకొండు కామాలు తీసేశాను.

మూడో అధ్యాయంలో ఫొటో. ఫీజియన్లు దాన్ని ఓనోలూలూ అంటారట. హోనోలూలూ నుంచి వచ్చిందని అనుకుని అలా పిలిచారట. మనిషికన్నా ఎత్తు పొద, గరుకు ఆకు, వేలంత పొడుగు కంకి, వంపు తిరిగి.

మన స్నానాల గది వెనక ఉన్నది ఇలాగే ఉంటుంది కాస్త.

10 జూన్

అది వేరు. నీ ఫొటోలో ఆకు వెడల్పు. మనది పిప్పలి.

11 జూన్

ఆకు కొలిచాను. వెడల్పు అంతే ఉంది.

మన పిప్పలి కథ నీకు వంద సార్లు చెప్పాను, నువ్వు వంద సార్లూ వినలేదు. మా అమ్మమ్మ గిర్మిట్ మీద, అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం మీద, నవువా చెరుకు తోటలకు వచ్చింది. ఓడ దిగాక రెండేళ్ళపాటు తన ఊరి మొక్క ఒక్కటీ కంటపడలేదట. ఒకరోజు వాగు ఒడ్డున ఈ పొద కనిపించింది. కంకి తుంచి నమిలింది. నాలుక చురుక్కుమంది. అక్కడే కూర్చుని ఏడ్చిందట, పిప్పలి దొరికిందని. మరీ ఇంత పొడుగేమిటే అని తోటివాళ్ళు అడిగితే, "ఈ దేశపు మట్టిలో చెరుకు మనిషికి రెండింతలు లేవడం లేదా? పిప్పలీ అంతే" అందట. నవువా మిల్లు మూతపడి ఇటు వచ్చినప్పుడు మా అమ్మ ఆ కొమ్మను తడిగుడ్డలో చుట్టి తెచ్చి ఇక్కడ నాటింది. ఈ వీధిలో పద్నాలుగు ఇళ్ళలో ఉన్నవి మా అమ్మ ఇచ్చిన కొమ్మలే.

మూడు తరాల ఆడవాళ్ళు తప్పు చెబుతారా?

14 జూన్

లౌటోకా వెళ్ళాను. మసాలా కొట్లో పిప్పళ్ళు అడిగాను. "ఆంటీ, యే అసలీ ఇండియా కా" అని పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ఒక పక్క అవి, ఒక పక్క మన కంకులు ఆరబెట్టినవి పెట్టాను.

వాళ్ళవి నా బొటనవేలి గోరుకన్నా కాస్త పొడుగు. నల్లగా, గట్టిగా. మనవి ఎండినా వేలంత.

ఇంకొకటి రాయాలి, ఎవరికీ చెప్పనిది. వాల్తేరు హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయికి జలుబు చేస్తే ఇంటినుంచి పిప్పళ్ళు పంపారు. నేను వాటిని అరచేతిలో వేసుకుని, "ఇవేం పిప్పళ్ళు, తిండి లేక ముడుచుకుపోయినట్టున్నాయి. మా ఫీజీ పెరట్లోవి వేలంత ఉంటాయి" అన్నాను. అది తీగకు కాస్తుంది, నీది తీగేనా అని ఆ అమ్మాయి అడిగింది. మాది చెట్టంత అన్నాను. ఎంత గొప్పగా చెప్పానంటే హాస్టల్లో మిగతా వాళ్ళు కూడా వచ్చి విన్నారు. అసలుది నా అరచేతిలో పెట్టుకుని నకిలీని పొగిడాను. బీయస్సీ రెండో సంవత్సరం. ఫస్టు క్లాసు.

15 జూన్

నాలుగో అధ్యాయం. డిల్లాపియోల్. పన్నెండు కార్బన్లు, పద్నాలుగు హైడ్రోజన్లు, నాలుగు ఆక్సిజన్లు. ఓనోలూలూ ఆకుల్లోంచి, కంకుల్లోంచి నువ్వు తీసిన నూనెలో పెద్ద భాగం ఇదే. ఎంత చక్కగా రాశావు! దోమ పిల్లలు దీనిలో ఒక్క రోజు కూడా బతకలేదు. నీ గాజు పళ్ళేల్లో బూజు పెరగడం ఆగింది. రెండు రకాల బాక్టీరియా ఆగిపోయాయి. పురుగు మందులో కొంచెం కలిపితే ఆ మందు బలం ఎన్నో రెట్లు పెరిగింది. మా అమ్మ బియ్యం డబ్బాలో ఈ ఆకులు ఎందుకు వేసేదో ఇప్పుడు అర్థమైంది. దేనికి బలం ఉందో ఆమెకు తెలుసు, పేరు ఒక్కటే తెలియదు.

పేజీ అడుగున నలభై ఒకటో నోటు. చిన్న అక్షరాలు. భూతద్దం తెచ్చుకున్నాను. దీనికి తోబుట్టువు లాంటి అణువు ఇంకొకటి ఉంది, ఏపియోల్, పార్స్‌లీ నూనెలోది. అవే పరమాణువులు, రెండు గుంపులు స్థానం మారాయి, అంతే తేడా. పాత రోజుల్లో యూరప్‌లో గర్భం వద్దనుకున్న ఆడవాళ్ళు దాన్ని మింగేవారట. కొందరు వాళ్ళే పోయారు. డిల్లాపియోల్ సంగతి ఇంకా సరిగ్గా తెలియదు. తెలిసేదాకా గర్భిణులు ఈ మొక్కకు దూరంగా ఉండటం మంచిది.

ఇది నువ్వే రాశావు. జనవరిలో టైపు చేసినట్టు తేదీ ఉంది. అప్పటికి నీకు రెండో నెల.

నేను గ్లాసు అందిస్తే, పిప్పలి అంటే, చిన్నప్పటినుంచి ఆ పొదను పిప్పలిగానే చూసినదానివి, పిప్పలి అనుకుని తాగావు. వాసన పట్టలేదా అని నిన్ను అడగాలనిపిస్తోంది. అడిగే మొహం నాకు ఉందా? జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంది నీకు. పైగా ఇచ్చింది నేను.

15 జూన్, సాయంత్రం

నూనె నీళ్ళలో కరగదు. మరిగిస్తే ఆవిరితో లేచిపోతుంది. ఫోర్త్ ఫారం పిల్లల పాఠం. కషాయంలో మిగిలేది బహు స్వల్పం. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు. డాక్టరు కారణం లేదన్నాడు. ఎన్నో గర్భాలు ఊరికే పోతాయి. నూనె నీళ్ళలో కరగదు.

16 జూన్

మూత పెట్టి మరిగించాను.

ఘాటు పోకుండా మూత పెట్టాలి అన్నది మా అమ్మ పద్ధతి. దింపాక మూతకు పట్టిన చెమటను కూడా గ్లాసులోకే వంచాలి, అసలు బలం అందులోనే ఉంటుందనేది. వంచాను. ప్రతిసారీ వంచాను. ఆవిరిని చల్లబరిచి నూనె పట్టడం ఎలాగో ముప్పై ఒక్క ఏళ్ళు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినదాన్ని, నా వంటింట్లో నా చేత్తో అదే చేశాను. నీకు తేనె కలిపి ఇచ్చాను. నువ్వు మొహం చిట్లిస్తే, "తాగవే, నీకోసం కాదు, లోపలున్న దొరసానికోసం" అన్నాను.

ఆడపిల్ల అని మనం అనుకున్నాం. ఆడపిల్లే.

17 జూన్

ఏమీ లేదు.

3 జూలై

పొద కొట్టేశాను. చెరుకు కత్తితో, డెబ్బై రెండేళ్ళ నడుముతో. పక్కింటి రాజ్ కుమారి కంచె మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడింది. తెలుగు రాదు ఆమెకు, మా మాటలన్నీ హిందీలోనే.

"అరే టీచర్! కౌంచీ కర్తా? ఎందుకు కొట్టేస్తున్నారు? అమ్మగారి చెట్టు కదా!"

"పురుగు పట్టింది" అన్నాను.

"దీనికి పురుగా? బియ్యంలో పురుగు పడకుండా దీని ఆకే వెయ్యమని మీరే కదా నాకు చెప్పింది?"

అబద్ధం ఆడటానికి కూడా కాస్త కెమిస్ట్రీ రావాలి. "ఇది కొత్త రకం పురుగు" అన్నాను.

"అయ్యో. పర్వాలేదు టీచర్, మా ఇంట్లో ఉన్నది బాగానే ఉంది. ఎంత కావాలంటే అంత కోసుకోండి" అంది. ఆమె మనసు మంచిది. నేను కత్తి తీసుకుని లోపలికి వచ్చేశాను.

20 జూలై

మొదలు నుంచి చిగురు వచ్చింది. మళ్ళీ నరికాను.

8 ఆగస్టు

నీ ఫోను. అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టుకుంటున్నాను, తరవాత నాకు అనుకూలంగా మార్చుకోకుండా.

"ఆజీ, నేను ల్యాబ్ వదిలేస్తా."

"ఏం? ప్రొఫెసర్ తిట్టాడా?"

"లేదు. నేనే చేసింది కదా ఆజీ. సాల్వెంట్ వాసన రోజూ పీల్చింది. హెక్సేన్, మెథనాల్. జై మమ్మీ కూడా చెప్తుంది, బచ్చా ఉంటే ల్యాబ్‌కి ఎందుకు పోయింది అని. ఆమె గుస్సాలో చెప్పలేదు, నిజం చెప్పింది. నేనే నా పాపని..."

"నోరు ముయ్యి. నువ్వేం చెయ్యలేదు."

"తుమ్ కైసే జాన్తా, ఆజీ?"

"పెద్దదాన్ని. నాకు తెలుసు."

"అది సైన్స్ కాదు ఆజీ." వెంటనే పని సంగతికి వచ్చావు. "నీ ఫారం పంపించు. అందరివీ వచ్చినవి, నీది ఒక్కటే లేదు. అన్ని కాగితాలూ ప్రొఫెసర్‌కి ఇచ్చేస్తా, బస్. నాకు ఇంక ఆ ఆకుల వాసన పడదు."

"పంపుతాను" అన్నాను. "అన్నం తిన్నావా?" అన్నాను.

"తిన్నది" అన్నావు. తినలేదు.

9 ఆగస్టు

చెబితే ఏమవుతుంది? ఒక దుఃఖం మీద ఇంకో దుఃఖం. బిడ్డ పోయింది, ఆజీ కూడా పోతుంది. నీకు నేను తప్ప పుట్టింటి మనిషి లేదు. నిన్ను కాపాడుతున్నాను.

10 ఆగస్టు

నిన్ను కాపాడుతున్నాను.

11 ఆగస్టు

ఎవరిని కాపాడుతున్నానో నాకు తెలుసు.

23 ఆగస్టు

ఫారం తీసి బల్ల మీద పెట్టాను. మొదటి గడిలో పేరు రాశాను. పిప్పలి. కొట్టేశాను.

2 సెప్టెంబరు

పొద్దున రాజ్ కుమారి కంచె మీదుగా గ్లాసు చాచింది. పొగలు కక్కుతోంది.

"టీచర్, చఖో తో జరా. మీ అంత ఘాటు వచ్చిందా చూడండి. కామినికి మిల్లు పొగకి దగ్గు పట్టుకుంది."

కామిని ఆమె చిన్న కోడలు. నాలుగో నెల. గుమ్మంలో కూర్చుని దగ్గుతోంది, నన్ను చూసి నమస్తే అన్నట్టు చెయ్యెత్తింది.

"మూత పెట్టారా?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"మీరు చెప్పినట్టే. చెమట కూడా వంచాను."

గ్లాసు తీసుకుని నేల మీద పారబోశాను.

"పాగల్ హోయ్ గయా టీచర్?" అంది. నిజంగానే భయపడింది. "తప్పేం చేశాను? మళ్ళీ కాచుకుంటాను, లోపల గిన్నెడు ఉంది."

అప్పుడు చెప్పాల్సివచ్చింది. పురుగు అని ఒకసారి చెప్పిన అబద్ధం ఆ గిన్నెకు అడ్డం పడలేదు. ఇంకోటి పడదు. చెప్పాను. ఇది పిప్పలి కాదు, మా అమ్మమ్మ పొరబడింది, మా అమ్మ పొరబడింది, చదువుకుని కూడా నేను పొరబడ్డాను. కడుపుతో ఉన్నవాళ్ళు దీన్ని తాగకూడదు. శోభనకు ఇచ్చాను. అయిదు రోజులు ఇచ్చాను.

రాజ్ కుమారి గుమ్మంలో ఉన్న కామిని వైపు చూసింది, తరవాత నా చేతిలో ఖాళీ గ్లాసు వైపు. 

"పెద్ద కోడలికి ఇచ్చాం కదా" అంది. "రెండు కాన్పుల్లోనూ. ఏం కాలేదు."

"అవును. ఏం కాకపోవచ్చు. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ అనుమానం రాలేదు."

"అయితే శోభనకి దీనివల్లే అని పక్కా ఏంటి?"

"పక్కా ఏమీ లేదు. ఎప్పటికీ ఉండదు."

ఆమె లోపలికి వెళ్ళింది. గిన్నె బోర్లించిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి కంచె పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది. "శోభనకి తెలుసా?"

"తెలియదు."

"ఆమె తన తప్పు అనుకుంటోందని మీరే కదా మొన్న చెప్పారు. ల్యాబ్‌లో మందుల వల్ల అని."

"అవును."

"టీచర్!" అంది. అంతే. నన్ను ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. నేను పిల్లలను అలా పిలిచేదాన్ని, కాపీ కొడుతూ దొరికినప్పుడు.

తరవాత ముక్కు చీదుకుని, "చూడండి, నా నోటి సంగతి మీకు తెలుసు. పద్నాలుగు ఇళ్ళకీ వెళ్ళి చెప్పాలి నేను, చెప్పకుండా ఉండలేను, ఉండకూడదు కూడా. ఎల్లుండి వరకు ఆపుకుంటాను. ఈలోపు ఆమెకు మీ దగ్గర్నుంచి తెలియాలి. విజేంద్ర వ్యాన్‌లో ఎవరో ఆంటీ చెబితే తెలియకూడదు" అంది.

మధ్యాహ్నం తన పొద నరికిన చప్పుడు వినిపించింది. ఒక కొమ్మ తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది. ఫారానికి కొమ్మ కావాలని ఆమెకు ఎప్పుడో చెప్పి ఉంటాను. నేనే మరిచిపోయాను.

3 సెప్టెంబరు

ఫోనులో చెప్పాలని చూశాను. రెండు సార్లు తీశాను. నీ గొంతు వింటే "అన్నం తిన్నావా" అనే అంటాను, నా సంగతి నాకు తెలుసు. తెలుగులో ఇక్కడ పేజీలు నింపాను, నువ్వు చదవలేవు కాబట్టి. ఫారం ఇంగ్లీషులో ఉంది. నువ్వే తయారుచేసిన గడులు, వాటిలో నేను ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపలేను. అందుకే అందులోనే రాశాను.

మొదటి గడి: మా ఇంట్లో పిప్పలి అంటాము. పొరపాటు. మీ మూడో అధ్యాయంలోని మొక్క ఇదే.

ఎక్కడ దొరికింది: నవువా వాగు నుంచి మా అమ్మ లోవుకు తెచ్చింది.

పద్ధతి గడిలో మూత సంగతి రాశాను. అది రాయకపోతే నువ్వు నూనె నీళ్ళలో కరగదని నన్ను క్షమించడానికి చూస్తావు. నిన్ను పెంచినదాన్ని, నువ్వెక్కడ వెతుక్కుంటావో తెలుసు.

మోతాదు రాశాను. చేతిరాత బాగానే ఉంది.

ఎవరికి ఇచ్చారు: మీకు. ఇరవయ్యో వారంలో.

అక్కడ ఆగి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను.

గమనించిన ఫలితం: దగ్గు తగ్గింది. నాలుగు రోజుల తరవాత గర్భం పోయింది. రెంటికీ సంబంధం ఉందో లేదో ఈ ఒక్క ఉదాహరణతో తేల్చలేము. తేల్చలేము అన్నది చెప్పకపోవడానికి కారణం కాదు. ల్యాబ్ గాలి వల్ల అని పరిశోధకురాలు తన మీద వేసుకున్న నేరానికి దీనికన్నా తక్కువ ఆధారం ఉంది. ఆ నేరం ఇకమీద ఆమె మోయకూడదు. పని ఆపకూడదు. ఈ వీధిలో పద్నాలుగు ఇళ్ళు ఉన్నాయి, నవువాలో ఇంకెన్నో, ఎవరో ఒకరు వెళ్ళి వాళ్ళకు చెప్పాలి.

చోటు అయిపోయింది. క్షమించమని రాయలేదు. దానికి గడి లేదు.

సంతకం పెట్టాను. రుక్మిణి. కింద, అడగకపోయినా, వృత్తి: టీచర్ అని రాశాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.

4 సెప్టెంబరు, పొద్దున

విజేంద్ర ఏడు గంటలకు వస్తాడు. చెప్పాల్సినవి ఇక్కడ రాసుకుని పైకి చదివి చూసుకుంటున్నాను, గేటు దగ్గర ఏదీ మరిచిపోకుండా.

విజేంద్రా, ఈ కవరు ముందు సీట్లో పెట్టుకో, వెనక సామాన్లలో వెయ్యకు. ఈ కొమ్మను తడి పేపర్లో చుట్టాను. ఎండ తగలనివ్వకు, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వకు. సువాలో యూనివర్సిటీ గేటు దగ్గర కాదు, లోపలికి వెళ్ళి కెమిస్ట్రీ బిల్డింగ్ ముందు ఆపు. కవరు శోభన చేతికే ఇవ్వు. జై వస్తే జైకి ఇవ్వకు, శోభనను పిలవమను. ఇచ్చి వెంటనే బయల్దేరకు. ఒక టీ తాగేంతసేపు వ్యాన్‌లోనే కూర్చో. ఏమిటని అడిగితే టైరు చూసుకుంటున్నానని చెప్పు. ఆమె ఏడుస్తూ వస్తే ఏమీ అడగకు, తిడుతూ వస్తే తిట్టనివ్వు, నాకు తిరిగి చెప్పనక్కర్లేదు. ఇక్కడికి వస్తానంటే ముందు సీటు ఇవ్వు, కిటికీ వైపు, ఆమెకు వంపుల్లో తల తిప్పుతుంది. రాకపోతే ఆ సీటు అలాగే ఖాళీగా తీసుకురాకు. దారిలో సింగటోకలో ఎవరినైనా ఎక్కించుకో.